ద్రాక్షల సీజన్, మీ ఉత్తరాలు, నా ఆవిరి గిన్నె

పోయిన సంచికలో మా ఇంట్లో ద్రాక్ష రసం ఎలా తీస్తామో నాలుగంటే నాలుగు లైన్లు రాశాను, అదీ వేరే ఎవరికో జవాబిస్తూ మధ్యలో. ఇక చూడండి, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఆ స్టీమ్ జ్యూసర్, అంటే పళ్లని ఆవిరి పట్టి రసం దించే గిన్నె గురించే. అది ఏంటి, ఎక్కడ కొన్నావు, వైన్‌కి పనికొస్తుందా, మామిడికి పనికొస్తుందా, మా అత్తగారికి పంపొచ్చా అని. అందుకే ఈసారి గోంగూర వాళ్లు, బూజు పట్టిన ఆవకాయ వాళ్లు కొంచెం ఓపిక పట్టండి, పేజీ అంతా పళ్ల రసానికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ): అక్కా, రెండేళ్ల కిందట ఇల్లు కొన్నాం. వెనక ఫెన్స్ మీద పాత ఓనర్లు పెట్టిన కాంకర్డ్ ద్రాక్ష తీగ ఉంది, పోయినేడు పట్టించుకోక పక్షులకే వదిలేశాం, ఈసారి 40 పౌండ్ల దాకా వచ్చేలా ఉన్నాయి. మావారికి వైన్ చెయ్యాలని సరదా, నాకేమో పిల్లలకి ఏడాదంతా జ్యూస్ పెట్టుకోవాలని. స్టీమ్ జ్యూసర్ చూస్తే అల్యూమినియం ఒక రేటు, స్టీల్ ఒక రేటు, ఫిన్లాండ్‌ది ఇంకో రేటు. మాది గ్లాస్ టాప్ స్టవ్. ఏది కొనాలి? ఇంకోటి, ఇంట్లో వైన్ చెయ్యడం తప్పు కాదు కదా, మేం ఇంకా వీసా మీదే ఉన్నాం, భయంగా ఉంది.

జవాబు: ముందు ఆ భయం సంగతి చూద్దాం. 1978లో చేసిన చట్టం తర్వాత అమెరికాలో ఫెడరల్ రూల్ ఏంటంటే, ఇంట్లో ఒక్కరే పెద్దవాళ్లు ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకంటే ఎక్కువ ఉంటే 200 గ్యాలన్ల దాకా సొంత వాడకానికి వైన్ చేసుకోవచ్చు, పన్ను లేదు. ఆ రూల్లో అడల్ట్ అనే ఉంది గానీ సిటిజన్ అని లేదమ్మా. అమ్మకూడదు, ఒక్క సీసా కూడా. కాచి సారా దించడం మాత్రం అస్సలు వద్దు, అది ఇంట్లో ఎంత చేసినా నేరమే. మీ రాష్ట్రంలో, మీ టౌన్‌లో ఇంకేమైనా మెలిక ఉందేమో ఒకసారి చూసుకోండి. మీ 40 పౌండ్లకి 100 గ్యాలన్లు కాదు కదా 4 గ్యాలన్లు కూడా రావు, నిశ్చింతగా ఉండండి.

ఇప్పుడు గిన్నె. మన ఇడ్లీ పాత్ర లాంటిదే, కాకపోతే మూడంతస్తులు. కింద నీళ్ల గిన్నె, మధ్యలో రసం పడే గిన్నె, పైన చిల్లుల గిన్నె, దాని మీద మూత. మధ్య గిన్నెకి నడిబొడ్డున ఒక గొట్టం పైకి లేచి ఉంటుంది, ఆవిరి అందులోంచి పైకెళ్లి పళ్లని తాకుతుంది, పండు మెత్తబడి పగిలి రసం కిందకి కారి ఆ గొట్టం చుట్టూ చేరుతుంది, పక్కనున్న ముక్కుకి రబ్బరు ట్యూబూ క్లిప్పూ ఉంటాయి, క్లిప్పు వదిలితే రసం సీసాలోకి. పిండక్కర్లేదు, గుడ్డలో వేలాడదీయక్కర్లేదు, మిక్సీ అక్కర్లేదు. గింజ నలగదు కాబట్టి గింజ వగరు కూడా రాదు.

కానీ కొనేముందు ఒక మాట, ఇది అమ్మేవాళ్లు చెప్పరు. ఒక్క వైన్ కోసమే అయితే ఈ గిన్నె కొనొద్దు. ఆవిరి అంటే ఉడకబెట్టడమే, ఉడికిన పండుకి ఉడికిన వాసనే వస్తుంది. వైన్‌కి పచ్చి పండే మేలు, పళ్లు కడిగి సంచుల్లో వేసి ఫ్రీజర్‌లో పడేస్తే లోపల నీళ్లు గడ్డకట్టి కణాలు చీలిపోతాయి, కరిగాక చేత్తో నలిపితే చాలు, ఆ పని ఫ్రీజర్ ఉత్తినే చేసిపెడుతుంది. స్ట్రాబెర్రీ, పీచ్ లాంటి సున్నితమైనవాటిని ఆవిరి మీద పెడితే వైన్ అయ్యాక జామ్ సీసా కడిగిన నీళ్లలా ఉంటుంది, నేను చేసి పారబోశాను. కాంకర్డ్, ప్లమ్, పుల్ల చెర్రీ లాంటి ఘాటు పళ్లయితే ఆవిరికి తట్టుకుంటాయి. మీ ఇంట్లో ఒకరికి జ్యూస్ కావాలి ఇంకొకరికి వైన్ కావాలి అంటున్నారు కాబట్టి, తీగ కూడా కాంకర్డే కాబట్టి, మీకు మాత్రం కొనమనే చెప్తాను.

ఇంకో లాభం కూడా ఉంది. కాంకర్డ్ సెప్టెంబర్‌లో ఒక్కసారిగా పండి మీద పడుతుంది, ఆ టైమ్‌లో స్కూళ్లు మొదలు, దసరా, బతుకమ్మ, ఎవరికి తీరిక. రసం తీసి జాడీల్లో సీల్ చేసి పెట్టుకుంటే మీవారు జనవరిలో మంచు పడుతుంటే కూర్చుని వైన్ మొదలుపెట్టుకోవచ్చు. నేనైతే రెండేళ్లుగా అంతే.

మెటీరియల్ విషయం. అల్యూమినియం చవక, తేలిక, త్వరగా వేడెక్కుతుంది, కానీ ద్రాక్ష పులుపు దాన్ని తింటుంది. చింతపండు పులుసు అల్యూమినియం గిన్నెలో రాత్రంతా ఉంచొద్దని మన పెద్దవాళ్లు ఎందుకన్నారో అదే లెక్క. మీరు గంటా గంటన్నర పుల్లటి వేడి రసం అందులో నిలవ ఉంచుతారు, గిన్నె నల్లబడుతుంది, రసానికి లోహపు రుచి తగలొచ్చు. స్టీల్‌దే తీసుకోండి, మామూలు స్టీల్‌వి 100 డాలర్లకి అటూ ఇటూ ఉంటాయి. మీరన్న ఫిన్లాండ్‌ది మెహు-లీసా అయ్యుంటుంది, ఫిన్నిష్‌లో మెహు అంటే రసం, లీసా అంటే మన లక్ష్మీ సరస్వతీ లాగా ఆడపిల్ల పేరు, అంటే రసం లక్ష్మి అన్నమాట. బాగా చేస్తారు, రేటూ అలాగే ఉంటుంది. ఏటా వంద పౌండ్లు తీసేవాళ్లకి సరే, ఒక్క తీగకి అంత పెట్టక్కర్లేదు.

పేరు కంటే కింద గిన్నె అడుగు చూడండి. రేకులా పల్చగా ఉంటే వద్దు, మధ్యలో అల్యూమినియం పొర పెట్టిన మందపాటి అడుగు ఉండాలి. మీది గ్లాస్ టాప్ అన్నారు, అడుగు సమంగా లేకపోతే వేడి తగలదు, మీ స్టవ్ ఎంత వెడల్పు గిన్నె, ఎంత బరువు వరకు ఒప్పుకుంటుందో దాని పుస్తకంలో చూసుకోండి, ఎందుకంటే నీళ్లూ పళ్లూ నిండాక మొత్తం 25 పౌండ్లు దాటుతుంది. ఇండక్షన్ వాళ్లు అయస్కాంతం అంటుకుంటుందో లేదో చూసుకుని కొనాలి. ట్యూబు సిలికాన్‌ది అయితే మంచిది, మామూలు రబ్బరుది రెండు సీజన్లకి వాసనొస్తుంది, విరుగుతుంది. మూత గ్లాసుదైతే లోపల కనిపిస్తుంది, అది సరదాయే తప్ప అవసరం కాదు.

ఇక అసలు ప్రమాదం నీళ్లు అయిపోవడం. పైన రసం గిన్నె ఉంటుంది కాబట్టి కింద నీళ్లు ఉన్నాయో లేవో కనపడదు. నా మొదటి గిన్నె అల్యూమినియంది, ఇండియా ఫోన్ మాట్లాడుతూ మర్చిపోయాను, మా పెద్దమ్మ కూతురి పెళ్లి చీరల గురించి నలభై నిమిషాలు, వచ్చి చూస్తే అడుగు వంకరపోయి స్టవ్ మీద ఊగుతోంది. తర్వాత మా అమ్మమ్మ గుర్తొచ్చింది. కుడుములు పెట్టేటప్పుడు ఆవిడ కింద నీళ్లలో ఒక రాగి కాణీ వేసేది, నీళ్లు మరుగుతున్నంతసేపు టకటకా కొట్టుకుంటుంది, శబ్దం ఆగిందా నీళ్లు అయిపోయినట్టే. ఇప్పుడు నేను రెండు గోళీలు వేస్తున్నా. కింద గిన్నె ముప్పావు వంతు నింపండి, పక్కన ఇంకో గిన్నెలో వేణ్నీళ్లు రెడీగా పెట్టుకోండి, చన్నీళ్లు పోస్తే మళ్లీ ఆవిరి రావడానికి పావుగంట పడుతుంది.

పద్ధతి పెద్దగా ఏం లేదు. గుత్తులు కడిగి, లావు కాడలు తీసేసి, చెడ్డవి ఏరేసి పైగిన్నెలో వెయ్యండి, నాది ఒక వాయికి 12 పౌండ్ల దాకా పడుతుంది. ఆవిరి రావడం మొదలయ్యాక గంట లెక్క. ఆపడానికి అయిదు నిమిషాల ముందు ఒక పెద్ద గ్లాసుడు రసం పట్టి తిరిగి పళ్ల మీదే పొయ్యండి, ఎందుకంటే ముందు కారిన రసం చిక్కదనం ఒకలా, తర్వాతది ఒకలా ఉంటుంది, ఇలా చేస్తే అన్ని సీసాలూ ఒకేలా వస్తాయి. నాకు ఒక వాయికి 3 నుంచి 4 క్వార్ట్‌లు వస్తుంది, నాలుగు క్వార్ట్‌లు అంటే ఒక గ్యాలన్. ట్యూబు వేడిగా ఉంటుంది, సీసా స్టవ్ కంటే కిందకి, స్టూల్ మీద ఉండాలి, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వకండి, ఇది మరీ మరీ చెప్తున్నా. తీసిన రసం ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో పెడితే అడుగున గాజుపెంకుల్లాంటి పలుకులు పేరుకుంటాయి, భయపడకండి, అవి ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లం తాలూకు ఉప్పు, పైనున్న తేట వంపుకుని కాచి జాడీల్లో పోసుకోండి.

ఇప్పుడు మీవారి వాటా, వైన్. ఒక గ్యాలన్ రసానికి చెప్తాను. పూర్తిగా చల్లారనివ్వాలి, అప్పుడే రసం మబ్బుగా ఉండకుండా పండు జిగురుని విడగొట్టే పెక్టిక్ ఎంజైమ్ అనే పొడి అరచెంచా వెయ్యాలి, వేడిలో వేస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది, డబ్బులు దండగ. 12 గంటలు ఆగాక, రసం నీళ్ల కంటే ఎంత చిక్కగా ఉందో చూపే హైడ్రోమీటర్ ముంచండి, అది కూడా చల్లారాకే, వేడి రసంలో తప్పు చూపిస్తుంది. ఆవిరి నీళ్లు కూడా కలుస్తాయి కాబట్టి ఆవిరి రసం ఎప్పుడూ కాస్త పల్చగానే ఉంటుంది, పుస్తకాల్లో ఉన్న పంచదార కొలత గుడ్డిగా వెయ్యకుండా కొలిచే వెయ్యాలి. ఒక పౌండు పంచదార గ్యాలన్‌లో కలిస్తే స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే హైడ్రోమీటర్ చూపించే అంకె (మామూలు నీళ్లకి 1.000), దాదాపు 0.045 పెరుగుతుంది. మీ రసం 1.060 ఉందనుకోండి, 1.085కి తేవాలంటే అర పౌండు పైన కొంచెం. అది పూర్తిగా పులిస్తే 12 శాతం దగ్గర ఆల్కహాల్ వస్తుంది. తర్వాత ఈస్ట్‌కి ఆహారం ఒక చెంచా, తొక్కల వగరు ఆవిరిలో సరిగ్గా దిగదు కాబట్టి వైన్ టానిన్ పావు చెంచా, ఆపైన లాల్విన్ 71బి అనే ఈస్ట్ ప్యాకెట్. 71బి ఎందుకంటే అది పండులోని మాలిక్ పులుపుని కొంత తినేస్తుంది, కాంకర్డ్‌కి పులుపు ఎక్కువ కదా. బ్రెడ్ ఈస్ట్ వెయ్యకండి, అవుతుంది గానీ బ్రెడ్ వాసనతోనే అవుతుంది.

ఫుడ్ గ్రేడ్ బకెట్‌లో గుడ్డ కట్టి వారం, తర్వాత మూతికి ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్ బయటికి వదిలి, బయటి గాలిని లోపలికి రానివ్వని బిరడా) పెట్టిన గాజు జగ్గులోకి, నెలకోసారీ రెండు నెలలకోసారీ మడ్డి వదిలేసి పైతేట ఇంకో జగ్గులోకి మార్చుకుంటూ ఆరేడు నెలలు. సీసాల్లో పోసేముందు వారం తేడాతో రెండుసార్లు కొలవండి, రెండుసార్లూ 1.000 కంటే కిందే ఒకే అంకె దగ్గర ఉండాలి. ఇంకా పులుస్తుండగా బిరడా వేస్తే సీసా పేలుతుంది, ఇది మాట వరసకి అనడం లేదు, గాజు పెంకులు గోడలో దిగుతాయి. తియ్యగా కావాలంటే సల్ఫైట్, పొటాషియం సోర్బేట్ వేసి ఈస్ట్‌ని నిలిపాకే పంచదార కలపాలి.

ఈస్ట్ కొనే వెయ్యాలా, పండు మీద బూడిదలా కనిపించే పొరలో ఉన్న ఈస్టే చాలదా అని మీవారు అడుగుతారు చూడండి. పచ్చి రసానికైతే అది ఒక లాటరీ, ఆవిరి రసానికి ఆ లాటరీ కూడా లేదు, వేడికి పండు మీద ఈస్ట్ అంతా చచ్చిపోతుంది. ఈ సంగతి మీ న్యూజెర్సీలోనే మొదలైంది తెలుసా. 1869లో వైన్‌లాండ్ అనే ఊళ్లో థామస్ వెల్చ్ అని పళ్ల డాక్టరు ఉండేవాడు, పళ్లంటే నోట్లో పళ్లే, తినే పళ్లు కాదు. చర్చిలో ప్రార్థనకి వాడే ద్రాక్షరసం వైన్‌గా మారకూడదని కాంకర్డ్ రసాన్ని సీసాల్లో పోసి వేడి చేసి ఈస్ట్ చంపేశాడు, అదే తర్వాత ఆ పేరుతో పెద్ద జ్యూస్ కంపెనీ. మద్యం వద్దన్న మనిషి చేసిన పనినే మనం ముందు చేసి, తర్వాత పొడి ప్యాకెట్ చింపి దాన్ని తిరగేస్తున్నాం. ఆ ద్రాక్ష కూడా పాతదేం కాదు, 1849లో మసాచుసెట్స్‌లో కాంకర్డ్ ఊళ్లో ఎఫ్రాయిమ్ బుల్ అనే ఆయన పెరట్లో పెంచి తీసిన రకం.

ప్రశ్న (కొలంబస్, ఒహాయో): ఆంటీ, పోయినేడు మా పక్కింటాయన ఇచ్చిన ప్లమ్స్ స్టీమ్ జ్యూసర్‌లో పెట్టి వైన్ చేశాను. తొమ్మిది నెలలైంది, ఇంకా మజ్జిగలా మబ్బుగానే ఉంది, మడ్డి దిగట్లేదు. రుచి కూడా జామ్‌లా ఉంది. ఒక్క చుక్క కూడా వదలకూడదని రెండున్నర గంటలు ఆవిరి పెట్టి, చివర్లో గరిటెతో గట్టిగా నొక్కాను కూడా. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: బాబూ, తప్పేంటో నీ ప్రశ్నలోనే రాశావు. గంట పెట్టాల్సింది రెండున్నర గంటలు పెట్టావు, జామ్ రుచి అందుకే, దానికి ఇప్పుడు మందు లేదు. గరిటెతో నొక్కావు, గుజ్జంతా రసంలో దిగింది. ఆవిరి గిన్నెకి తొందరా పనికిరాదు, పిసినారితనమూ పనికిరాదు, అది వదిలిన రసమే మనది, మిగిలింది వేరే పనికి. మా ఇంట్లో ప్లమ్ గుజ్జు మిగిలితే గింజలు తీసేసి జల్లెడలో రుద్ది, ఎండుమిర్చి, మెంతిపిండి, ఇంగువ పోపుతో పచ్చడి చేస్తాను, చింతపండు అక్కర్లేదు, దోసెల్లోకి మామిడికాయ పచ్చడి అక్క లాగా ఉంటుంది.

మబ్బు సంగతి చూద్దాం. ప్లమ్‌లో పెక్టిన్ ఎక్కువ, జామ్ గట్టిపడేది దానివల్లే, ఉడికితే అది ఇంకా వదులై రసంలోకి దిగుతుంది. నువ్వు ఎంజైమ్ వెయ్యలేదు అనుకుంటున్నా, లేదా వేడి మీద వేసి ఉంటావు. చూసుకోవాలంటే ఒక చిన్న గాజు గ్లాసులో చెంచాడు వైన్ తీసుకుని మందుల షాపులో దొరికే రబ్బింగ్ ఆల్కహాల్ నాలుగు చెంచాలు కలుపు, కాసేపటికి జిగురు తీగల్లాగానో గడ్డల్లాగానో కనిపిస్తే అది పెక్టినే. ఆ గ్లాసు వెంటనే సింకులో పారబొయ్యి, తాగేది కాదది, ఇంట్లో అందరికీ చెప్పి మరీ చెయ్యి. పెక్టిన్ అని తేలితే ఇప్పుడైనా ఎంజైమ్ వెయ్యొచ్చు, కాకపోతే ఆల్కహాల్ మధ్యలో అది నెమ్మదిగా పనిచేస్తుంది, మామూలు కంటే రెట్టింపు వేసి వెచ్చటి గదిలో మూడు నాలుగు వారాలు వదిలెయ్యి. కాఫీ ఫిల్టర్లలో వడపోస్తే తేటపడదు, గాలి తగిలి వైన్ చెడుతుంది, ఆ పని మాత్రం చెయ్యకు. అప్పటికీ తేటపడకపోతే మబ్బుగానే తాగు, ఆరోగ్యానికి ఏం కాదు, చూడ్డానికే బాగోదు.

ప్రశ్న (డెన్వర్, కొలరాడో): మేడమ్, ఆవిరి రసం ఎలాగూ మరుగుతూ వస్తుంది కదా, వేడివేడిగా జాడీలో పోసి మూత బిగించి తలకిందులుగా పెడితే సీల్ అయిపోతుందని మా ఫ్రెండ్ అంటోంది. మళ్లీ నీళ్లలో మరిగించాలా? ప్రెషర్ కుక్కర్‌లో పెడితే త్వరగా అవుతుందా?

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పినట్టు చేసేవాళ్లు చాలామందే ఉన్నారు, చాలాసార్లు నిలవ కూడా ఉంటుంది, ఒక్కసారి ఉండదు. తలకిందులు పెడితే మూత అంటుకున్నట్టు కనిపిస్తుంది గానీ ఆ పట్టు బలహీనం, పైగా జాడీ మెడ దగ్గర మిగిలిన గాలిలో బూజు విత్తనం బతికే ఉండొచ్చు. యూఎస్‌డీఏ, అంటే అమెరికా వ్యవసాయ శాఖ వాళ్లు ఈ పద్ధతి వద్దనే చెప్తారు. ద్రాక్ష, ఆపిల్ రసాలకి వాళ్ల లెక్క సముద్రమట్టం నుంచి 1,000 అడుగుల లోపు ఊళ్లకి పింట్, క్వార్ట్ జాడీలు మరిగే నీళ్లలో 5 నిమిషాలు. మీది 5,280 అడుగుల ఊరు, అక్కడ నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ కాదు, 95 దగ్గరే మరుగుతాయి, పప్పు ఉడకట్లేదని మీరు ఎప్పుడో తిట్టుకునే ఉంటారు. అందుకని మీకు 10 నిమిషాలు. కాసిల్ రాక్ లాంటి చోట 6,000 దాటుతుంది, వాళ్లకి 15. అర గ్యాలన్ జాడీలైతే మీ ఊరి లెక్క ఏదైనా దానికి ఇంకో 5 నిమిషాలు కలపండి, ఆ పెద్ద జాడీలు ఆపిల్ రసానికీ ద్రాక్ష రసానికీ తప్ప వేరేవాటికి వాడకండి.

జాడీలో పైన పావు అంగుళం ఖాళీ, మూత రేకు ప్రతిసారీ కొత్తది, రింగు వేళ్లతో బిగిస్తే చాలు. జాడీ నేరుగా గిన్నె అడుక్కి తగిలితే పగులుతుంది, ప్రత్యేకం స్టాండు లేకపోతే పాత రింగులు అడుగున పరిచి వాటి మీద పెట్టండి. ప్రెషర్ కుక్కర్ వద్దు, మన విజిల్ కుక్కర్ క్యానింగ్ కోసం చేసింది కాదు, పుల్లటి పళ్లకి ఆ అవసరమూ లేదు.

పుల్లటి అన్నాను, అది ముఖ్యం. పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కంటే తక్కువ ఉన్న పళ్లకే ఈ మరిగే నీళ్ల పద్ధతి. అంజూర, ఏషియన్ పియర్, టమాటా లాంటివి గీత మీద ఉంటాయి, వాటికి సీసా నిమ్మరసం కొలిచి కలపాలి, టమాటాకైతే క్వార్ట్‌కి 2 టేబుల్ స్పూన్లు. మీ కొలరాడో పీచ్‌లు పసుపు గుజ్జువైతే సరే, తెల్ల గుజ్జువి మాత్రం జాడీల్లో పెట్టకండి, పులుపు చాలదు, ఫ్రీజ్ చేసుకోండి.

ప్రశ్న (డాలస్, టెక్సస్): అక్కా, మామిడిపళ్లు స్టీమ్ జ్యూసర్‌లో వేస్తే తాండ్రకి రసం వస్తుందా? మా అత్తయ్యది ఆత్రేయపురం, ఆవిడ వచ్చేలోపు చేసి చూపించాలి.

జవాబు: రాదమ్మా. ఆవిరి గిన్నె తేట నీళ్ల రసమే వదులుతుంది, తాండ్రకి కావలసింది గుజ్జు, అదంతా పైగిన్నెలోనే ఉండిపోతుంది. మామిడిని అందులో వేస్తే కింద ఏదో పసుపుపచ్చ నీళ్లు, పైన ఉడికిన పీచు. సీతాఫలం, అరటి, బొప్పాయి అన్నీ ఇంతే. తాండ్రకి మిక్సీ, జల్లెడ, ఓపిక. ఇండియా నుంచి వచ్చే మామిడిపళ్ల పెట్టెల రేటుకి తాండ్ర చేస్తే బంగారు తాండ్ర అవుతుంది, మెక్సికో నుంచి వచ్చే అటాల్ఫో రకం మామిడి వాడండి, పీచు ఉండదు. మీ డాలస్ ఎండకి పొర మీద పొర చక్కగా ఎండుతుంది గానీ ఉడతల నుంచి కాపాడుకోవాలి, పైన దోమతెర కట్టండి. అత్తయ్య ఊరు ఆత్రేయపురం అంటున్నారు కాబట్టి, మీరు చేసి చూపించడం కంటే ఆవిడ వచ్చాక ఆవిడ చేతే చేయించి పక్కన నిలబడి నేర్చుకోవడం తెలివైన పని.

ప్రశ్న (పిట్స్‌బర్గ్, పెన్సిల్వేనియా): గరాజ్ సేల్‌లో పాత స్టీమ్ జ్యూసర్ 20 డాలర్లకి ఉంది, ఎనామెల్‌ది, పూలు వేసి ముద్దుగా ఉంది. తీసుకోనా?

జవాబు: పూలు చూసి కాదు, లోపల వేలితో తడిమి చూసి తీసుకోండి. రసం గిన్నె లోపల ఎనామెల్ ఎక్కడైనా పెచ్చు ఊడి నల్లగా ఇనుము కనిపిస్తే వదిలెయ్యండి, పులుపుకి తుప్పు దిగుతుంది, పెచ్చులు రసంలో పడతాయి. మూడు గిన్నెలూ ఒకదాని మీద ఒకటి ఊగకుండా కూర్చుంటున్నాయా, కింద గిన్నె బల్ల మీద పెడితే సమంగా ఉందా, ముక్కు అతుకు దగ్గర నీళ్లు పోస్తే కారుతోందా చూడండి. ట్యూబు ఎలా ఉన్నా పారెయ్యండి, హార్డ్‌వేర్ షాపులో వేడికి తట్టుకునే ఫుడ్ గ్రేడ్ సిలికాన్ ట్యూబు ఆ సైజుకి కోసి ఇస్తారు. ఇవన్నీ బాగుంటే 20 డాలర్లు కళ్లు మూసుకుని ఇవ్వండి. 15కి అడిగి చూడండి ముందు.

ప్రశ్న (హైదరాబాద్): అమ్మా, మా అబ్బాయి అమెరికా నుంచి మీ పేజీ పంపించాడు. ఇక్కడ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నల్ల ద్రాక్ష బుట్టలు బుట్టలు వస్తుంది. వాడు ఆ గిన్నె పంపిస్తానంటున్నాడు. వైన్ కూడా చేసుకోవచ్చా?

జవాబు: వైన్ వద్దండీ. అమెరికాలో ఉన్న ఆ వెసులుబాటు మన దగ్గర లేదు. తెలంగాణలో అయినా ఆంధ్రలో అయినా 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా మత్తు పానీయం తయారు చెయ్యడమే నేరం, ఇంట్లోకే కదా అంటే కుదరదు.

రసానికి మాత్రం అబ్బాయి చేత అంత బరువు మోయించక్కర్లేదు. మీ ఇంట్లో ఉన్న పెద్ద ఇడ్లీ పాత్ర తీసుకోండి, ప్లేట్లు తీసేసి అడుగున రెండు అంగుళాల నీళ్లు పోసి ఒక స్టాండు పెట్టండి, స్టాండు మీద లోతు గిన్నె, ఆ గిన్నె అంచు మీద కూర్చునేలా చిల్లుల గిన్నె, అందులో ద్రాక్ష. గిన్నె చుట్టూ ఆవిరి పైకి రావడానికి సందు ఉండాలి. మూతకి పల్చటి గుడ్డ చుట్టండి, లేకపోతే మూత మీద చేరిన నీళ్లు పళ్ల మీద పడి రసం పల్చనైపోతుంది. రెండు కిలోలకి ముప్పావుగంట చాలు. మధ్యలో ఒకసారి నీళ్లు చూసుకోండి, రూపాయి బిళ్ల వేస్తే ఆ చూసుకునే పని కూడా ఉండదు. అక్కడి పళ్ల మీద పురుగుమందు కొట్టి ఉంటారు, ఉప్పు నీళ్లలో కాసేపు ఉంచి రెండు మూడు నీళ్లు మార్చి కడగండి. వచ్చిన రసం ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, అంతకంటే ఎక్కువ కావాలంటే ఐస్ ట్రేల్లో పోసి గడ్డకట్టాక సంచిలో వేసుకోండి, మనవలు వచ్చినప్పుడు సోడాలో రెండు గడ్డలు వేసి ఇవ్వొచ్చు, చిటికెడు ఉప్పు, నిమ్మచెక్క మర్చిపోకండి.